నడిమి దొరికినవానికి చుట్టు భయము లేదు

తమ్ముడా, చదరపు పనిలో చేయి తిరిగిన నీవు గుండ్రని పని చేతికి రాగానే ఏల జంకుచున్నావు? ఇనుప పలకను వైసులో బిగించి, పొడవును వెడల్పును డ్రాయింగులో నున్నట్లు పొల్లుపోకుండ దింపగల నీకు, అదే మిల్లింగు మిషనుపై రోటరీ టేబులు నెక్కించి ‘ఈ ఫ్లాంజికి చుట్టును ఆరు రంధ్రములు సమదూరమున వేయుము’ అని మేస్త్రీ చెప్పగానే అరచేతులలో చెమట పట్టుటకు హేతువేమి? మిషను మారలేదు, కట్టరు మారలేదు, చేయియు నీదే. మారినదొక్కటే. తిన్నని పనిలో పొరపాటు జరిగిన చోటనే కనబడును. చుట్టు పనిలో పొరపాటు మొదటి రంధ్రమున పుట్టి, చడీచప్పుడు లేక వలయమంతయు తిరిగి, కడపటి రంధ్రము నొద్దకు వచ్చి గాని బయటపడదు. నీ భయమునకు మూలమిదియే. అది సిగ్గుపడవలసిన భయము కాదు. క్రమము తెలిసిన దినమున తానే తొలగిపోవు భయము.

ఈ విద్య మన ప్రాంతమున అక్కరకు రాదని యనుకొందువా? నెల్లిమర్ల, రాజాం, చిట్టివలసలు జనపనార మిల్లులకు పేరు పడిన ఊళ్లు. గరివిడిలో ఫెర్రో అల్లాయిస్ కర్మాగారము వెలసినది. పలాస జీడిపప్పునకు ప్రసిద్ధి. బియ్యపు మిల్లు లేని పెద్ద ఊరు శ్రీకాకుళ విజయనగర మండలములలో అరుదు. వీనియందు తిరుగని యంత్రమేది? తిరుగు యంత్రమున్న చోట ఫ్లాంజియు, పినియనును, కప్లింగును, స్ప్రాకెట్టును అరుగకయు విరుగకయు మానవు. ఆ విరిగిన ముక్కను సంచిలో వేసికొని విశాఖపట్టణమునకు పరుగెత్తవలసిన యజమానికి, తన ఊరి షెడ్డులోనే పని తెలిసినవాడొకడు దొరికినచో, ఆ పనివానికి కొదువ ఏమి?

ఒక మాట ముందుగా చెప్పవలెను. నేను గ్రాంథికభాష పోకడ పోవుచున్నను, పనిముట్ల పేర్లను మాత్రము షెడ్డులో పలుకునట్లే వ్రాసెదను. వాడుకభాషకై జీవితమెల్ల పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో జన్మించిన పర్వతాలపేట ఈ శ్రీకాకుళపు గడ్డపైననే యున్నది. ‘డయల్ గేజి’కి నేనొక సంస్కృత సమాసమును కల్పించినచో ఆయన ఆత్మ మన్నించినను మన మేస్త్రీలు మన్నింపరు.

ఒక ఫ్లాంజి నేర్పిన పాఠము

నేను పనికి కుదిరిన తొలి ఏట ఒక బియ్యపు మిల్లు కప్లింగు ఫ్లాంజి నా చేతికి వచ్చినది. ఆరు రంధ్రములు, వాని నడుముల మీదుగా పోవు వలయపు వ్యాసము, అనగా పి.సి.డి., 120 మిల్లీమీటర్లు. నేను రోటరీ టేబులు నడిమిని స్పిండిలు క్రిందికి తెచ్చి, ఫ్లాంజిని కంటి అంచనాతో టేబులుపై నుంచి, ‘సరిగానే యున్నది కదా’ యని బిగించి, ఆరు రంధ్రములును గర్వముతో వేసి ముగించితిని. జత ఫ్లాంజితో కలిపి చూడగా బోల్టులన్నియు నేతిలో గరిటె దిగినట్లు దిగినవి. నా ఆనందమునకు మేర లేదు. కాని రెండు బోరులును ఒకదానికొకటి ఎదురుపడలేదు. మిల్లీమీటరున్నర ప్రక్కకు తొలగినవి. రంధ్రములు తమలో తాము సమదూరముననే యున్నవి. ఫ్లాంజికి మాత్రము పరాయివై యున్నవి.

అప్పుడు షెడ్డులోని ముసలి మేస్త్రీ ఆ ఫ్లాంజిని చేతిలోనికి తీసికొని, బోరు అంచున బొటనవ్రేలు త్రిప్పి చూచి, ‘ఏటి బావూ, బల్లనడిగినావు గానీ జాబునడగనేదా?’ అనెను.

ఆ ఒక్క ప్రశ్నలో ఈ అధ్యాయమంతయు ఇమిడియున్నది. రోటరీ టేబులు పనిలో నడుములు రెండు: స్పిండిలుకు టేబులు నడిమి యొకటి, టేబులుకు జాబు, అనగా కోయవలసిన ముక్క, నడిమి యొకటి. ఒకటి కుదిరినంత మాత్రమున రెండవది కుదిరినట్లు కాదు. స్పిండిలును త్రిప్పినపుడు తెలియునది టేబులు సంగతి. టేబులును త్రిప్పినపుడు తెలియునది జాబు సంగతి. ఈ భేదమును మనసున నాటుకొనినచో తక్కినదెల్ల ఓర్పుతో చేయు లెక్కయే.

చేయవలసిన క్రమము

1. ముందు తుడువుము, పిదప ఎత్తుము. మిల్లింగు మిషను బల్లపై పొట్టును బ్రష్షుతో ఊడ్చి, గుడ్డతో తుడిచి, కడపట అరచేతితో మెల్లగా నిమిరి చూడుము. కన్ను చూడని రవ్వను అరచేయి పట్టును. రోటరీ టేబులు అడుగునకును ఇదే మర్యాద జరుపుము. ఎక్కడనైన గాటు లేచియున్న సానరాతితో దాని మొన తీయుము. బల్ల ఖాళీగా నున్నప్పుడే డయల్ గేజిని స్పిండిలుకు తగిలించి చుట్టు త్రిప్పి, ముందు వెనుకల, కుడి ఎడమల సూది ఒకే అంకెపై నిలుచునట్లు మిషను తలను సరిచేసికొనుము. పిమ్మట టేబులు నెక్కించి, టీ-స్లాటులలో బోల్టులు దింపి, ఎదురెదురుగా కొంచెము కొంచెముగా బిగింపుము. టేబులు బరువైనది; ఒక్కడవే ఎత్తి పౌరుషము చూపవలదు. నడుము పోయినవానికి నడిమి దొరికి ఏమి లాభము?

2. మొదటి నడిమి: స్పిండిలును త్రిప్పి టేబులునడుగుము. కరెంటు కట్టివేసి, స్పిండిలు చేతికి తేలికగా తిరుగునట్లు గేరును న్యూట్రలులో పెట్టుము. స్పిండిలులో బిగించిన డయల్ గేజి మొనను టేబులు నడిమి బోరు లోపలి గోడకు ఆనించి, స్పిండిలును చేతితో మెల్లగా త్రిప్పుము. ఈ సమయమున టేబులు కదలరాదు. మొదట కుడి ఎడమల చూడుము: కుడివైపు సూది సున్నపై నుండి, ఎడమవైపు ఇరువది గీతలు చూపినదనుకొందము. జరుపవలసినది ఇరువది గీతలు కాదు, పది; ఏలయన భేదము రెండు ప్రక్కలను కలిసి చూపబడినది. నూరవవంతు గేజియైనచో అది పదియవ వంతు మిల్లీమీటరు. పిదప ముందు వెనుకలను ఇట్లే సరిచేయుము. మరల కుడి ఎడమలకు వచ్చి చూడుము. సూది చుట్టంతయు నిద్రించుచున్నట్లున్నప్పుడు రెండు స్లైడుల డయళ్లను సున్నకు త్రిప్పి, స్లైడులను లాకు చేసి, ఆ సంగతిని బల్లప్రక్క సుద్దముక్కతో వ్రాసికొనుము. జ్ఞాపకశక్తి గొప్పదే, సుద్దగీత దానికంటె నమ్మకమైనది.

3. రెండవ నడిమి: టేబులును త్రిప్పి జాబునడుగుము. కుమ్మరి సారెపై మట్టిముద్ద నుంచినపుడు ఏమి చేయునో ఎన్నడైన నిలిచి చూచితివా? సారెను జరుపడు, సారెను త్రిప్పుచు, అరచేతులతో ముద్దనే నడిమికి నొక్కును. నీవును ఇప్పుడు చేయవలసినది ఇంతే. జాబును టేబులుపై నుంచి, క్లాంపులను చేతివ్రేళ్ల బిగువుతో మాత్రము బిగించి, డయల్ గేజి మొనను జాబు బోరుకో, లేతుపై తీసిన వెలుపలి అంచుకో ఆనింపుము. ఈ సారి స్పిండిలు కదలరాదు, టేబులు తిరుగవలెను. గేజి వెలుపలి అంచుపై నున్నచో సూది మిక్కిలి ముందునకు త్రోయబడిన చోట, భేదములో సగము తగ్గువరకు, చెక్క సుత్తితో నడిమి వైపునకు మెల్లగా తట్టుము. బోరులోపల నున్నచో దిక్కు తారుమారగును. రెండు మూడు తట్లలో దారికి వచ్చును. క్లాంపులను గట్టిగా బిగించిన పిమ్మట మరల ఒక చుట్టు త్రిప్పి చూచుట మాత్రము మానకుము. బిగింపులోనే జాబు ప్రక్కకు జరుగుట నిత్యము చూచుచుండు విషయము. ఒకే రకపు ఫ్లాంజులు పదియో ఇరువదియో వచ్చినప్పుడు, క్రింద టేబులు బోరునకును పైన ఫ్లాంజి బోరునకును సరిపోవు మెట్ల ప్లగ్గు నొకదానిని లేతుపై చేసికొనుము. ఒక్క గంట శ్రమ ఇరువది పర్యాయముల తట్టుడును తప్పించును.

4. సగమే జరుపుము. వలయపు వ్యాసము 120 అయినచో నడిమినుండి బల్లను జరుపవలసినది 60 మిల్లీమీటర్లు. ‘ఇది తెలియనివాడెవడు?’ అని నవ్వెదవా? డ్రాయింగుపై 120 అను అంకెయే కన్నుల ముందాడుచుండగా, సాయంకాలము దీపములు పెట్టు వేళ తొందరలో 120 జరిపినవారిని నేను చూచితిని. జరుపుటకు ముందు నోటితో పైకి చెప్పుకొనుము: ‘సగము, అరువది.’ లీడ్ స్క్రూ పిచ్ అయిదు మిల్లీమీటర్లయినచో అది సరిగా పండ్రెండు చుట్లు. ఒక్క స్లైడునే జరుపుము. రెండవది లాకులోనే యుండవలెను. జరిపిన దానిని కూడ వెంటనే లాకు చేయుము.

5. నీ టేబులు స్వభావము నెరుగుము. హ్యాండిలును ఒక్క చుట్టు త్రిప్పి, టేబులు అంచుపై ఎన్ని డిగ్రీలు జరిగెనో చూడుము. నాలుగయినచో దాని నిష్పత్తి 90కి ఒకటి, అయిదయినచో 72కి, తొమ్మిదయినచో 40కి. ఆరు రంధ్రములకు ఒక్కొక్క అడుగు 60 డిగ్రీలు. 90 టేబులుపై అది పదునైదు చుట్లు, 72 టేబులుపై పండ్రెండు చుట్లు. 40 టేబులుపై ఆరు చుట్లును మూడింట రెండు వంతులును కావలెను గనుక డివైడింగు ప్లేటున 18 రంధ్రముల వరుస నెన్నుకొని, ఆరు చుట్లకు పైన 12 రంధ్రములు జరుగుము. ఏడు రంధ్రముల పని వచ్చినదా? భయమేల? 90 టేబులుపై 90ని ఏడుతో భాగించిన పండ్రెండు చుట్లును ఏడింట ఆరు వంతులును వచ్చును. 21 రంధ్రముల వరుసలో ఏడింట ఆరనగా 18 రంధ్రములు. లెక్కలో ఒక మెలిక మాత్రము కలదు: పిన్ను ప్రస్తుతము నిలిచియున్న రంధ్రమును ఒకటిగా లెక్కింపరాదు. పందిరికి పది అంతరములు కావలెనన్న పదునొకండు గుంజలు పాతవలెను గదా; ప్లేటుపైనను నీవు లెక్కింపవలసినది అంతరములను, గుంజలను కాదు.

6. ఎప్పుడును ఒకే దిక్కునుండి రమ్ము. హ్యాండిలును ఒక దిక్కునకు త్రిప్పి, మరల ఎదురు దిక్కునకు త్రిప్పినచో, కొంత దూరము హ్యాండిలు తిరుగును గాని టేబులు తిరుగదు. దీనినే మనవారు బ్యాక్‌లాషందురు. పాత టేబులునందు అది మరింత యెక్కువ. దీనికి మందొక్కటే: ఏ దిక్కునుండి మొదటి రంధ్రమునకు వచ్చితివో, ఆ దిక్కునుండియే కడపటి దానివరకు వచ్చుట. గీత దాటిపోయినచో, దాటినంత మాత్రము వెనుకకు వచ్చి ‘సరిపోయినది’ అనుకొనరాదు; అరచుట్టయినను వెనుకకు పోయి మరల ముందునకే రావలెను. మిషను స్లైడులకును ఇదే ధర్మము.

7. లాకును మరువకుము, లాకులో త్రిప్పకుము. రంధ్రము వేయునప్పుడు టేబులు లాకు బిగిసియుండవలెను. తదుపరి రంధ్రమునకు జరుగునప్పుడు వదలియుండవలెను. బిగించుట మరచినచో జాబు చెడును; వదలుట మరచి హ్యాండిలును బలవంతముగ త్రిప్పినచో లోపలి వర్మునకు హాని కలుగును. జాబు పోయిన ఇంకొకటి దొరకును; వర్ము పోయినచో టేబులే పోయినది. చుట్టు గాడి తీయునప్పుడు మాత్రము లాకును పూర్తిగా వదలక, హ్యాండిలు కొంచెము బరువుగా తిరుగునంత బిగువున నుంచుము. కట్టరు టేబులును తనవైపు గుంజుకొనకుండ అది కాపాడును.

8. చుట్టు కోతలో దిక్కు చూచుకొనుము. జాబు వెలుపలి అంచును గుండ్రముగా కోయునపుడు కట్టరు ఏ దిక్కునకు తిరుగుచున్నదో టేబులును ఆ దిక్కునకే త్రిప్పుము. లోపలి అంచును కోయునపుడు ఎదురు దిక్కునకు త్రిప్పుము. ఇట్లు చేసిన కట్టరు పండ్లు జాబునకు ఎదురుగా వచ్చి నిదానముగ కోయును; తారుమారైనచో జాబును లాగుకొని పోవ యత్నించును. జరుపు లెక్కయందు కట్టరు వ్యాసములో సగమును మరువకుము: వెలుపలి అంచునకు దానిని కలుపవలెను, లోపలి అంచునకు తీసివేయవలెను, గాడి నడిమి గీతకైనచో రెండును వలదు.

9. వట్టి చుట్టొకటి త్రిప్పుము. కట్టరును జాబునకు పైన గాలిలోనే యుంచి, మిషను నడుపకయే, తిరుగవలసినంత మేర టేబులును త్రిప్పి చూడుము. క్లాంపు కట్టరునకు తగులుచున్నదా? హ్యాండిలు దేనికైన ఆటంకపడుచున్నదా? జాబు క్రింద అల్యూమినియము పలకయో చెక్కయో వేసితివా, లేక డ్రిల్లు టేబులునే పొడుచునా? ఎందరి తొందరపాటో ఆ నెరసిన టేబులు ముఖముపై మచ్చలై నిలిచియుండుటను చూచుచున్నావు గదా. నీ మచ్చ నొకదానిని చేర్పవలదు. చేతికి గుడ్డ తొడుగులు వలదు, భుజముపై తువ్వాలు వలదు. తిరుగు కట్టరు మర్యాద నెరుగదు.

రంధ్రమునకు ముందు చుక్క

బొబ్బిలి దాపున గొల్లపల్లిలో వీణలు చేయువారు ఒక్క పనసదుంగను తొలిచి వీణకు రూపము తెచ్చుదురు. తొలిచిన చెక్కను తిరిగి అతుకుటకు వీలులేదు. అందుచేతనే అట్టి పనిలో ఉలి కంటె ముందు గీత నడుచును. ఇనుము మాత్రము అతుకబడునా? కావున పెద్ద డ్రిల్లును తగిలించుటకు ముందు, సెంటర్ డ్రిల్లుతో ఆరు చోట్లను ఆరు చిన్న చుక్కలు మాత్రము పెట్టి, మిషను నాపి, మూడు ప్రశ్నలు వేయుము.

మొదటి ప్రశ్న: ప్రక్కప్రక్క చుక్కల నడుమ దూరమెంత? ఆరు రంధ్రముల పనిలో ఈ దూరము వలయపు వ్యాసములో సరిగా సగముండవలెను, 120కి 60. ఆరు దూరములును సమానముగ నుండియు 60 కాకున్నచో నీ మొదటి నడిమియో, స్లైడు జరుపుటయో తప్పినది. దూరములు తమలో తాము సమానముగ లేకున్నచో హ్యాండిలు లెక్కయో, బ్యాక్‌లాషో, లాకో తప్పినది.

రెండవ ప్రశ్న: ప్రతి చుక్కయు బోరు అంచునకు సమదూరమున నున్నదా? ఒకవైపు దగ్గరయు ఎదుటివైపు దూరమును అయినచో రెండవ నడిమి తప్పినది. నా ఫ్లాంజి చరిత్రయే నీదియు కానున్నది. నేను ఆనాడు ఈ ప్రశ్నను వేసియుండినచో ఆ మేస్త్రీ నన్ను ‘జాబునడగనేదా’ అని అడుగవలసిన పని లేకపోయెడిది.

మూడవ ప్రశ్న: ఆరవ చుక్కనుండి ఇంకొక అడుగు జరిగినచో, టేబులు తాను బయలుదేరిన గీతకే వచ్చుచున్నదా?

ఈ మూడును వేర్వేరు సాక్షులని గుర్తుంచుకొనుము. ఒక సాక్షి బాగుగ పలికినంత మాత్రమున వ్యాజ్యము గెలిచినట్లు కాదు. నాకు బోల్టులన్నియు దిగినవి గదా, అయినను ఫ్లాంజి ఇనుప తుక్కులో కలిసినది. చుక్క తప్పినచో దిద్దుకొనవచ్చును. రంధ్రము తప్పిన పిమ్మట దిద్దుబాటు కష్టము.

ఈ ఆదివారమునకు ఒక పని

చదివినంత మాత్రమున ఈత రాదు. నాగావళి ఒడ్డున కూర్చున్న వానికి నీటి లోతేమి తెలియును? షెడ్డులో మూలపడియున్న అల్యూమినియపు బిళ్ల నొకదానిని మేస్త్రీనడిగి తీసికొనుము. లేతుపై దానికి బోరు తీసి, పైన చెప్పిన క్రమమున ఏ మెట్టును దాటవేయక టేబులుపై నిలిపి, ఆరు చుక్కలు పెట్టుము. తొలిసారి నడుములు రెండును కుదుర్చుటకే పూటంతయు పట్టవచ్చును. పట్టనిమ్ము, ‘పని యింకను మొదలు పెట్టలేదా’ అని ఎవరైన అడిగినచో తొణకకుము. చుట్టు పనిలో కట్టరు తిరుగుట పనికి తుది భాగమే గాని మొదలు కాదు. నాలుగవ బిళ్ల నాటికి నీ చేతులు తామే క్రమమును కనిపెట్టుకొనును.

ఆరు చుక్కలును పూర్తియైన పిమ్మట డ్రిల్లును పైకెత్తి, లాకు వదలి, 90 టేబులైనచో పదునైదు చుట్లు త్రిప్పి, మరల లాకు బిగించి, ఏడవ చుక్క పెట్టబోవునట్లు డ్రిల్లును మెల్లగా దింపుము. కోయుటకు లోహము దొరకక, పొట్టు లేవక, సవ్వడి లేక, దాని మొన మొదటి చుక్కలోనికి దిగి కూర్చున్నదా? దిగినచో మిషను నాపి, చేతులు తుడిచికొని, బోరు అంచున బొటనవ్రేలు నొక్కమారు త్రిప్పి చూచి, ఆ ఫ్లాంజిని తెమ్మని మేస్త్రీతో చెప్పుము.